కళాయి పోయిన గుండిగలు

సుస్థిర అభివృద్ధి అనే మాట నేను మొదటిసారి విన్నది సైనిక్‌పురిలో, సమోసా తింటూ. ఒక మేడమ్ గారింట్లో సమావేశం. "సంస్కృతినీ వారసత్వాన్నీ పక్కన పెట్టి చేసే అభివృద్ధి నిలవదు" అని ఆవిడ చెబుతుంటే చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. నేనూ ఊపాను. నాకు తెలిసినంతలో ఈ జంటనగరాల్లో సుస్థిరంగా అభివృద్ధి చెందింది నా పొట్ట ఒక్కటే. ఆ మాట అక్కడ అనలేదు. ఇంకో పళ్ళెం సమోసాలు లోపల వేగుతున్న వాసన వస్తోంది.

ఆ సమావేశానికి నన్ను ముఖ్య సలహాదారుగా పిలిచారని బోయిగూడలో మా వీధంతా చెప్పుకున్నాను. పాత వంటపాత్రల సంగతి నాకు తెలిసినంతగా దక్కనులో ఎవరికీ తెలియదని ఆవిడే అన్నారని కూడా చెప్పాను. నిజానికి ఆవిడ ఫోన్‌లో అన్నది, "అన్నా, ఖాళీగనే ఉంటున్నవు గద, వచ్చి కూసోరాదు" అని. అంతే.

మా వంశం అభివృద్ధి కథ కూడా చెప్పాలి. మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి మోండా మార్కెట్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టారు. నా హయాంలో అది స్టీలు సామాన్ల కొట్టయింది. ఇప్పుడు మా పెద్దవాడి హయాంలో ఒకసారి తిని పారేసే ప్లేట్ల కొట్టు. మా నాన్న అమ్మిన గుండిగలు ఇంకా జనం అటకల మీద ఉన్నాయి. మావాడు అమ్మిన ప్లేట్లు ఇంకా మా కాలువలో ఉన్నాయి. రెండూ కలకాలం నిలిచేవే కదా, ఇందులో తేడా ఏముందని ఒకసారి మేడమ్‌ని అడిగాను. ఆవిడ చూసిన చూపుకి నా చేతిలో టీ చల్లారింది.

మేడమ్ అనగానే మీరు వేరే ఎవరినో ఊహించుకుంటారు. ఆవిడ మా బోయిగూడ పిల్లే. మా వీధి మొదట్లో వాళ్ళ నాన్న కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను: కళాయి అంటే గిన్నె లోపల వేసే తగరం పూత. అది లేని ఇత్తడిలో చింతపండు ఉడికిందంటే కూర చిలుమెక్కి చేదవుతుంది, తిన్నవాళ్ళు కడుపు పట్టుకుని పరుగులు తీస్తారు. ఈ అమ్మాయి రెండు జడలేసుకుని కొలిమి గాలిచక్రం తిప్పుతూ కూర్చునేది. తర్వాత చదువుకుంది, కాలేజీలో పాఠాలు చెప్పింది, రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకుంది. వేదికల మీద ఆవిడను నాయకురాలు అంటారు, శాలువాలు కప్పుతారు. బోయిగూడలో మాత్రం ఇప్పటికీ "కళాయి సాయెబు బిడ్డ". మా ఆవిడలాంటి ఒకరిద్దరు మాత్రం మర్యాదగా "ఆపా" అంటారు, అక్కా అని.

ఆవిడ ఆలోచన విని నేను నిరాశపడ్డాను, అంత తేలికగా అర్థమైపోయింది. అటకల మీది ఇత్తడి గుండిగలు, కంచాలు ఒకచోట చేర్చాలి. ఎవరింట్లో ఫంక్షనైనా అవి తీసుకెళ్ళి వండుకుని, తిని, కడిగి తెచ్చివ్వాలి. ప్లాస్టిక్ తగ్గుతుంది, కాలువ పారుతుంది, కళాయి వేసే మనిషికి పనుంటుంది. "వారసత్వం అద్దాల బీరువాల పెట్టేది కాదన్నా, పొయ్యి మీద పెట్టేది" అంది. జనం గుండిగలు ఇచ్చారు కూడా. మా ఆవిడ తన పెళ్ళి గుండిగ ఇచ్చింది. నన్ను కూడా ఇచ్చేద్దామనుకుంది గానీ మేడమ్ ఒప్పుకోలేదట.

అన్నీ కుదిరాయి, పెట్టడానికి చోటు లేదు. బస్తీ కమ్యూనిటీ హాలు వెనక ఒక గది ఉంది. అందులో పాత ఎన్నికల ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు భద్రంగా కాపాడబడుతున్నాయి. వారసత్వ సంపద అన్నమాట. ఆ గదిలో మేనల్లుడి చేత జిమ్ పెట్టించాలని బస్తీ సంఘం అధ్యక్షుడి ఆశ. మేడమ్ వెళ్ళి అడిగితే అతను మీసం మీద చెయ్యేసుకున్నాడు.

"అక్కా, నువ్వు పెద్ద పెద్ద ముచ్చట్లు చెప్తవు, నాకు సమజ్ కావు. శనివారం మా మనుమరాలిని తొట్టెల ఏస్తున్నం. బస్తీ మొత్తం వస్తది, సిద్దిపేట కెళ్ళి మా వియ్యపోళ్ళు వస్తరు. గా వంట నీ ఇత్తడిల చేసి చూపెట్టు. ఎవ్వలకు తక్లీఫ్ కాకుండ బంతి లేసిందంటే రూము నీది."

"లేకుంటే?"

"లేకుంటే జిమ్. నీ గంజులు ఎవలియి వాళ్ళకు ఇచ్చెయ్యి."

ఎవరి గుండిగలు వాళ్ళకిస్తే అవి మళ్ళీ అటకెక్కవు, తుక్కు కొట్టుకెళతాయి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, అధ్యక్షుడికీ తెలుసు. "సరే తమ్మీ" అంది.

కళాయి వేసే ఆయన అన్ని గుండిగలకూ పూత పూసి, కూతురి కాన్పుకని జహీరాబాదు వెళ్ళిపోయాడు. మేడమ్‌కి ఢిల్లీలో సభ పడింది. వెళుతూ నాకు పని అప్పగించింది. "అన్నా, సైనిక్‌పురి నుంచి మావోళ్ళు తోమనీకి వస్తరు. బయట మాత్రమే తోమాలె. నువ్వు జెర దగ్గరుండి చూసుకో." ఢిల్లీలో సభ దేని గురించంటే, వారసత్వాన్ని స్థానికులు ఎలా కాపాడుకోవాలన్న దాని గురించి. ఇక్కడ ఆ స్థానికుణ్ణి నేను.

తోమడానికి వచ్చిన దండుకి ఒక రిటైర్డ్ కల్నల్ గారు నాయకుడు. నిలువెత్తు మనిషి, జోడు చప్పుళ్ళతో నడిచేవాడు. సైనిక్‌పురిలో పాత ఫౌజు వాళ్ళకి ఇత్తడంటే ఏమిటో మనకి తెలియదు. బెల్టు బిళ్ళ మెరవాలి, గుండీ మెరవాలి, మెరవకపోతే శిక్ష. జీవితమంతా ఇత్తడిని తోమి దేశాన్ని కాపాడిన మనిషి. ఆయన వెంట వచ్చినవాళ్ళు కూడా అదే బాపతు. ఇటుకపొడి, చింతపండు, నిమ్మచెక్కలు తెచ్చుకున్నారు. పైగా ఒక డ్రిల్లు మిషను, దాని మూతికి ఇనుప తీగల బ్రష్షు.

బయట తోమడం మొదలవగానే నేను వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని చరిత్ర షురూ చేశాను. మా నాన్న ఒక నవాబు గారికి అమ్మిన గుండిగ ఎంత పెద్దదంటే, తోమడానికి మనిషి నిచ్చెన వేసుకుని లోపలికి దిగేవాడని చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. అంత మంచి శ్రోతలు దొరికితే ఏ మనిషైనా అటే తిరిగి కూర్చుంటాడు. వెనక డ్రిల్లు గుయ్యిమంటోంది. లోపల బ్రష్షు తిరుగుతోందేమోనన్న అనుమానం నాకు వెంటనే వచ్చిందనీ, లేచి ఆపమని గర్జించాననీ తర్వాత చాలామందికి చెప్పాను.

గర్జించలేదు. వెనక్కే తిరగలేదు. నవాబు కూడా కాదు, ఒక తహసీల్దారు. నిచ్చెనా లేదు, ముక్కాలి పీట.

"లోపల చెయ్యి పెట్టొద్దు" అని వాళ్ళకి ముందే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. నా నోటికి రాలేదు. మా వయసు వాళ్ళకి అది చెప్పే విషయమే కాదు. కంట్లో కారం పెట్టుకోవద్దని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? కళాయి అంటే అందరికీ తెలుసనుకున్నాను. కల్నల్ గారేమో లోపల తెల్లగా మబ్బుపట్టినట్టున్న ఆ పూతని చూసి, బోయిగూడ వాళ్ళు తరాల తరబడి లోపల కడగడం మానేశారని జాలిపడ్డారు.

శనివారం పొద్దున్నే మేడమ్ విమానం దిగి, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ నేరుగా హాలుకి వచ్చింది. హాలు వెనక గుండిగలు వరసగా, సూర్యుళ్ళలాగా ఉన్నాయి. ఆవిడ నవ్వుతూ మొదటి దాంట్లోకి వంగింది. వంగినది లేవలేదు. తర్వాత రెండోదాంట్లోకి వంగింది.

"ఎవలు తోమిన్రు లోపల?"

కల్నల్ గారు ముందుకొచ్చి నిటారుగా నిలబడ్డారు. "మా టీమే మేడమ్. ఇన్‌సైడ్, అవుట్‌సైడ్. ఎంత మొండిగా పట్టేసిందనుకున్నారు ఆ తెల్ల పాచి! సాయంత్రం దాకా పట్టింది. ఇప్పుడు చూడండి, ముఖం చూసుకోవచ్చు."

"చూసుకుంటున్న సార్. నా మొఖం మంచిగనే కనబడుతున్నది. గిండ్ల పులుసు కాస్తే రేపటికి బస్తీ మొఖాలు కనబడవు."

విషయం చెప్పింది. కల్నల్ గారి ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను. యుద్ధం చూసిన మనిషి, చింతపండు ముందు ఓడిపోయాడు. "మరి ఈయన ఇక్కడే ఉన్నారు కదండీ రోజంతా" అన్నారు నా వైపు తిరిగి. మేడమ్ కూడా తిరిగింది. నా జీవితంలో నవాబుల గురించి ఏమీ తోచని క్షణం అదొక్కటే.

ఇంతలో అధ్యక్షుడు కొత్త ఖద్దరు చొక్కాతో వచ్చాడు. "ఏందక్కా, పొద్దుగాల్నే పంచాయితీ?"

మోండా మార్కెట్‌లో చింతపండు దొరకలేదని చెబుదామని నేను ఆవిడ చెవిలో అన్నాను. ఆవిడ నన్ను మోచేత్తో పక్కకి నెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇలాంటివాళ్ళకి నాయకత్వం ఎవరిచ్చారో నాకర్థం కాదు.

అధ్యక్షుడు ఫోన్ తీశాడు. "అయితే అయిపోయింది. హోటలోనికి చెప్త, అల్మినియం గిన్నెలు ఆడే తెస్తడు. ప్లేట్లు ఈ అన్న కొట్టుల ఉన్నయి. మనసుల ఏం పెట్టుకోకు అక్కా, నువ్వయితే మెహనత్ చేసినవ్. రూము ముచ్చట మాత్రం ఖతం."

"జెర ఆగు తమ్మీ. వీటిల్ల అన్నం వండొచ్చు, ముద్దపప్పు వండొచ్చు, పాయసం వండొచ్చు. పులుపొక్కటే వద్దు."

"పులుపు లేని బంతి ఏం బంతి? మా వియ్యంకుడు చారు లేకుంటే కంచం ముందల కెళ్ళి లేస్తడు. ఆయిన లేసిండంటే నా బిడ్డ అత్తగారింట్ల ఏడాదంత అదే ముచ్చట."

"పులుపు నేను తెస్త."

"యాడ కెళ్ళి?"

"బోయిగూడ కెళ్ళే."

సూట్‌కేసు కల్నల్ గారికి అప్పగించి ఆవిడ వీధిలోకి నడిచింది. దారి చూపిస్తూ నేను ముందు నడిచాను. అంటే, వెనకాల. ప్రతి గుమ్మం ముందూ ఒకటే మాట: ఇవాళ మీ ఇంట్లో ఏ చారు, ఏ పులుసు కాస్తారో అదే ఒక పెద్ద గిన్నెడు కాయండి, మీ గిన్నెలోనే కాయండి, బంతికి తీసుకురండి. ఈ బస్తీలో గోడ మీంచి గిన్నెలు అటూ ఇటూ దాటడం ఎప్పుడూ ఉన్నదే. మధ్యాహ్నం ఎవరింట్లో తాలింపు బాగా వేగితే పక్కింటికి ఒక గిన్నె. కాకపోతే ఒకే రోజు అన్ని గిన్నెలూ ఒకే వైపు నడవడం ఎన్నడూ లేదు.

వీధి చివరి దర్జీ భార్య అడిగింది, "ఆపా, మా ఖట్టీ దాల్ వాళ్ళు తింటరా?"

"ఎందుకు తినరు? నీ పెనిమిటి కుట్టిన రవికెలు తొడుక్కుంటలేరా?"

మా ఆవిడ అప్పటికే గుమ్మడికాయ కోస్తోంది. "ముక్కల పులుసు పెడుతున్నా ఆపా, బెల్లం వేసి. ఈయన్ని మాత్రం వంటింటి వైపు రానివ్వకండి, దీన్ని కూడా తోమించేస్తారు."

ఎదురింటి ముసలామె కిటికీలోంచి నవ్వింది. "పులుసుల బెల్లమా? పాయసం అనరాదు! నేను పచ్చిపులుసు తెస్త, జూడున్రి."

"తెండి వదినా. పొయ్యి వెలిగించక్కర్లేని వంట కదా, మీకు శ్రమ ఉండదు."

అదీ వరస. మధ్యాహ్నానికి బోయిగూడలో చింతపండు నానని ఇల్లు లేదు. ఊరంతా పోపు వాసన, ఆ వాసనకి నేను తుమ్ముతూ తిరిగాను. బస్తీ ఆడవాళ్ళని ఇలా కదిలించింది నా మాటల చాతుర్యమేనని రాద్దామనుకున్నాను. కలం ఒప్పుకోవడం లేదు. వాళ్ళని కదిలించింది ఎదురింటి గిన్నె.

బంతి కూర్చుంది. ఇళ్ళ నుంచి తెచ్చిన స్టీలు కంచాల్లో బగారన్నం, ముద్దపప్పు, నెయ్యి, దొండకాయ వేపుడు. గిన్నెలు వరసగా వచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఒక వరసకి ఉలవచారు పడింది, రెండో వరసకి మిరియాల చారు. అధ్యక్షుడి వియ్యంకుడు ఆ రెండో వరసలోనే కూర్చున్నాడు, తెల్ల పంచె, పెద్ద తలపాగా. తన కంచంలోకి చూశాడు. పక్క వరస కంచాల్లోకి చూశాడు.

"బావా, ఆళ్ళకు ఉలవచారు ఏసిన్రు. మాకేంది, నీళ్ళ చారా? పిల్లనిచ్చినోడివి, మమ్ములనే గింత కిందికి చూస్తవా?"

బంతిలో భేదం కంటే పెద్ద అవమానం మన దేశంలో లేదు. మొత్తం వరస చేతులు ఆపేసింది. అధ్యక్షుడి ముఖం నల్లబడింది. మేడమ్ వైపు చూసి, వేళ్ళతో బరువులెత్తుతున్నట్టు సైగ చేశాడు. జిమ్ అని దానర్థం.

ఏ వేదిక మీదా తడబడని మేడమ్, చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత ఒక్కసారిగా గోడవారగా నిలబడ్డ ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"వడ్డించే పోరగాళ్ళను పక్కకు తియ్యున్రి. ఎవలి గిన్నె వాళ్ళు పట్టుకొని మొదటి కంచం కెళ్ళి ఆఖరి కంచం దాక మీరే నడువున్రి. ఎవలింటి పులుసో చెప్పి వెయ్యున్రి."

ఇంటి పేరుతో పరువు ముడిపడ్డాక ఏ ఇల్లాలు ఏ కంచాన్ని వదులుతుంది? గిన్నె వెనక గిన్నె ఊరేగింపులా నడిచాయి. "దర్జీ వాళ్ళ ఖట్టీ దాల్, జెర చెయ్యి తియ్యున్రి." "తెనాలోళ్ళ ముక్కల పులుసండీ, ముక్కతో సహా తినాలి." ఎదురింటి ముసలామె పచ్చిపులుసుతో వియ్యంకుడి ముందు ఆగి, ఉల్లిపాయ ముక్కలు ఏరి ఏరి వేసింది. ఆఖర్న కల్నల్ గారు. సైనిక్‌పురి వెళ్ళి భార్య చేత రసం పెట్టించుకుని కారులో తెచ్చారు. ఒలికిపోతుందని దారంతా రెండో గేరు దాటలేదట. కంచం కంచం ముందూ నడుం వంచి, "క్షమించండి, కళాయి తీసేసింది నేనే" అని చెప్పి మరీ పోశారు. ఎవరూ అడగలేదు. ఆయనే చెప్పుకున్నారు. ఆ పక్కనే నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డ ముఖ్య సలహాదారు మాత్రం ఏమీ చెప్పుకోలేదు.

వియ్యంకుడు కంచంలో గుంటలు చేసుకుని ఒక్కో గుంటలో ఒక్కో పులుసు పోయించుకున్నాడు. ముక్కల పులుసు నోట్లో పెట్టుకుని, "గిదేంది, తియ్యగున్నది!" అన్నాడు. మా ఆవిడ గరిటె గాల్లోనే ఆగింది. "ఇంకింత ఎయ్యమ్మా" అన్నాడు.

తిన్నవాళ్ళు లేవకపోవడం ఇంకో సమస్య అయింది. రెండో బంతి వాళ్ళు గుమ్మంలో నిలబడి దగ్గుతున్నారు.

అంతా అయ్యాక, కంచాలు కడుగుతుండగా మేడమ్ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. అతను పళ్ళు కుట్టుకుంటూ ఆకాశం చూస్తున్నాడు.

"రూము సంగతి, తమ్మీ."

"చూద్దాం అక్కా. కమిటీల పెడ్త. నువ్వు చేస్తనన్నది ఒకటి, అయింది ఒకటి. పులుపు గంజుల వండలేదు గద. మా మేనల్లుడు సుత జిమ్ కోసం..."

ఆ వాక్యం పూర్తికాలేదు. అతని భార్య పసిపిల్లని భుజాన వేసుకుని వచ్చింది. మధ్యాహ్నం ఆమె కూడా గిన్నె పట్టుకుని నడిచింది, మామిడికాయ పులుసు. వియ్యపురాలు మూడుసార్లు వేయించుకుందని అప్పటికే బస్తీ అంతా తెలుసు, ఆమే చెప్పుకుంది కనుక.

"కమిటీ ఏంది, కమిటీ? పొద్దుగాల కెళ్ళి కూసున్న కాడ కెళ్ళి లేవలే, నువ్వు చెప్తవా? ఆడోళ్ళందరం నడుములు పడేటట్టు చేసినం. అక్కా, గా రూము చెవి ఈన దగ్గర లేదు. ఈనకు ఇస్తే యాడనో పారేస్తడని నేనే ఉంచిన." కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి మేడమ్ చేతిలో పెట్టింది. "ఫ్లెక్సీలు మాత్రం పారెయ్యకు. ఈన మొఖం ఉన్నది, జెర మర్యాదగ మలిచి పెట్టు."

అధ్యక్షుడు నా వైపు చూశాడు. మగవాడిగా సాయం చెయ్యమని ఆ చూపు. నేను జగ్గులో నీళ్ళున్నాయో లేవో చూసుకున్నాను.

ఇలాంటి సందర్భంలో ఎవరో ఒకరు నాలుగు మాటలు మాట్లాడాలి. మేడమ్ గొంతు సవరించుకుంటుందేమో అని చూశాను. ఆవిడ తాళంచెవి పిడికిట్లో బిగించి, హాలు వెనక బగారన్నం గుండిగ పక్కన మెట్టు మీద కూలబడింది. ఢిల్లీ నుంచి వచ్చిన చీర మీద పసుపు మరకలు, పులుసు చారలు. పొద్దుట్నుంచి ఆవిడ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది మా అందరికీ. గుండిగ అడుగున అన్నం లేదు, మాడు మాత్రం ఉంది. అట్లకాడతో గీరడం మొదలుపెట్టింది. మాడు పెద్ద పెద్ద పెచ్చులుగా లేచింది, ఎర్రగా, నెయ్యి కారుతూ, లవంగాల వాసనతో.

సభాధ్యక్షత వహించే వాడిలా ముందుకెళ్ళి, వారసత్వానికీ ఈ రోజుకీ ఉన్న సంబంధం మీద నేను ఒక వాక్యం మొదలుపెట్టాను. మంచి వాక్యమే. "ఈ గడ్డ మీద..." అని మొదలవుతుంది.

"అన్నా" అంది ఆవిడ, ఒక పెచ్చు విరిచి నా చేతిలో పెడుతూ, "కూసో. మాడు తిను."

కూర్చున్నాను. మాడు నోట్లో ఉండగా మనిషి మాట్లాడలేడు. ఆ సంగతి ఆవిడకి తెలుసనుకుంటాను. నా చెయ్యి ఖాళీ అవుతుంటే చూసి, చూసి, ఇంకో పెచ్చు పెడుతూనే ఉంది.